మూడు వరసల కుట్టు

ఏప్రిల్ 24, సోమవారం

ఫారంలో మూడు అబద్ధాలు రాశాను. బీపీ లేదని. ఈత బాగా వచ్చని. డైవింగ్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు అన్నచోట, ఆక్టోపస్‌ని దగ్గరగా చూడాలని.

ఈత కొంచెం వచ్చు. చిన్నప్పుడు రాళ్ళ మధ్య టైడల్ పూల్‌లో నేర్చుకున్నాను. నలభై ఏడేళ్ళ ఒంటికి అది గుర్తుందో లేదో చూడాలి. ఆక్టోపస్ మీద నాకు కూరలో తప్ప ఆసక్తి లేదు.

మా సర్కారు ఫ్లాట్లలో ఉండే ఆడవాళ్ళకి ఇది ఉచిత కోర్సు. సముద్రం పక్కనే పుట్టి సముద్రంలో తల ముంచని వాళ్ళ కోసమట. ఆరుగురం చేరాం. మిగతా ఐదుగురివీ నా కొడుకు వయసులు.

నా కొడుకు తష్రీక్ సముద్రంలో ఉండి ఇవాళ్టికి నలభై తొమ్మిది రోజులు. ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. మార్చి ఆరు తెల్లవారుజామున వాడూ, స్నేహితుడు బ్రైమూ పెర్లెమున్ అనే ఖరీదైన సముద్రపు నత్తల కోసం దిగారు. దొంగవేట. మా ఫ్లాట్లలో సగం పొయ్యిలు దానితోనే వెలుగుతాయి, నా పొయ్యితో సహా. బ్రైమ్ ఒక్కడే తిరిగొచ్చాడు. పోలీసు డైవర్లు బ్లౌక్లిప్ ఒడ్డున ఐదు రోజులు వెతికారు. పాపం, బాగానే వెతికారు.

వాడు బ్లౌక్లిప్‌లో లేడు. రెండు కిలోమీటర్ల అవతల పెర్డెగాట్‌లో ఉన్నాడు. ఈ సంగతి బ్రైమ్‌కి తెలుసు. మా అన్న ఇగ్సాన్‌కి తెలుసు. నాకు తెలుసు. పోలీసులకు బ్లౌక్లిప్ అని చెప్పి సంతకం పెట్టింది నేనే.

ఏప్రిల్ 25

ఎందుకు పెట్టానో కూడా రాయాలి.

మా వేటగాళ్ళకి ఒక కట్టుబాటుంది. నత్తలున్న గుంట పేరు బయట పలకకూడదు. పెళ్ళానికి చెప్పరు, ఇమామ్‌కి చెప్పరు. పేరు బయటపెట్టినవాడికి ఇంకే జట్టులోనూ చోటుండదు, వాడి కొడుక్కీ ఉండదు. తష్రీక్ నాకు చెప్పలేదు. ఆ ఉదయం మొదటిసారి ఆ పేరు విన్నాను.

చెప్పింది మా అన్న. కుర్రాళ్ళని బక్కీ ట్రక్కులో దింపేదీ, సరుకు ఎక్కించుకునేదీ ఆయనే. ఎనిమిది గంటలకి వచ్చాడు. కళ్ళలోకి చూడలేదు. ఫల్దీ, పోలీసులు వస్తారు, బ్లౌక్లిప్ అని చెప్పు అన్నాడు. పెర్డెగాట్‌లో నలుగురు కుర్రాళ్ళ నత్తల సంచులున్నాయి, బ్రైమ్ పాత కేసులో శిక్ష నెత్తిమీద వేలాడుతోంది, దొరికితే ఏడేళ్ళు లోపలికి పోతాడు, మధ్యాహ్నంలోపు మా కుర్రాళ్ళే వెతికి తష్రీక్‌ని తెస్తారు, నా మాట విను అన్నాడు.

విన్నాను. ఎక్కడో రాతి మీద కాలు విరిగి కూర్చుని ఉంటాడనుకున్నాను. కుర్రాళ్ళు రెండుసార్లు దిగారు. తర్వాత ఆగ్నేయం గాలి లేచి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. తర్వాత వాళ్ళకి భయం పట్టుకుంది. తర్వాత రంజాన్ వచ్చింది, పండగ కూడా వెళ్ళిపోయింది.

ఇక ఎవరూ దిగరు. దిగాల్సింది నేనే.

ఏప్రిల్ 26

స్కూలు స్విమ్మింగ్ పూల్. నేర్పేవాడి పేరు వుయానీ. ముప్పై దాటి ఉంటాయి. గట్టిగా నవ్వుతాడు. ఆడపిల్లలని పేరు పెట్టి పిలుస్తాడు, నన్ను మాత్రం అమ్మా అంటాడు.

మొదటి పాఠం, ఊపిరి ఆపకండి. ఆకాశం విరిగిపడినా ఆపకండి. సముద్రం ఎవరినీ చంపదు అమ్మా, కంగారు చంపుతుంది అన్నాడు. నేను ఫిన్ సర్దుకుంటున్నట్టు వంగిపోయాను.

నోట్లో రబ్బరు ముక్క. మింగలేం, కక్కలేం. ఐదు నిమిషాలు బాగానే ఉన్నాను. తర్వాత మాస్క్ పాఠం. నీళ్ళ అడుగున మాస్క్‌లోకి నీళ్ళు రానిచ్చి, తల పైకెత్తి, ముక్కుతో ఊదితే నీళ్ళు బయటికి పోతాయట. అందరూ ఊదారు. నేను పీల్చాను.

పైకి వచ్చి అరగంట దగ్గాను. చిన్నపిల్లలు వేసుకునే రబ్బరు బాతు నన్నే చూస్తోంది.

ఏప్రిల్ 27

సెలవు రోజున కూడా క్లాసు పెట్టాడు. మళ్ళీ పీల్చాను.

ఏప్రిల్ 30, ఆదివారం

గిన్నెలు కడిగే తొట్టిలో మొహం పెట్టి సాధన చేస్తున్నాను. మాస్క్ లేకుండా, కళ్ళు తెరిచి, నోటితో గొట్టంలోంచి పీలుస్తూ, ముక్కుతో వదులుతూ. ఇరవై లెక్కపెట్టే సరికి ఒళ్ళంతా పారిపొమ్మంటుంది. ఈ తొట్టి లోతు జానెడు. పెర్డెగాట్ ఎనిమిది మీటర్లట.

మా అన్న తలుపు తోసుకుని వచ్చి చూశాడు. ఈ వయసులో చేపవి కావాలని బుద్ధి పుట్టిందేం అన్నాడు. తడి మొహంతో నిలబడ్డాను. కూర్చుని, చాలాసేపు టోపీ తిప్పుతూ, వందో రోజు వస్తోంది, మసీదులో చెప్పి గైబ్ నమాజ్ చదివిద్దాం అన్నాడు. శవం దొరకని వాళ్ళ కోసం చదివేది. ఊళ్ళో అందరూ అడుగుతున్నారట. నలుగురికీ ఏం చెప్పమంటావు అన్నాడు.

నలుగురికీ పెర్డెగాట్ అని చెప్పు అన్నాను.

లేచి వెళ్ళిపోయాడు. ఆయన తెచ్చిన పాకం కూసిస్టర్లు బల్ల మీదే ఉన్నాయి. తినేశాను. ఆకలి వేస్తుంది, ఏం చేయను.

మే 1

ముక్కుతో ఊదాను. నీళ్ళు పోయాయి. మళ్ళీ నింపి ఊదాను, పోయాయి. వుయానీ నీళ్ళ అడుగునే చప్పట్లు కొట్టాడు, చప్పుడు రాలేదు. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

మే 3

ఇవాళ సీసం బెల్టు గురించి చెప్పాడు. క్లాసు మధ్యలో లేచి వచ్చేశాను.

మే 4

చెప్పింది ఇది. వెట్‌సూట్ రబ్బరు తేలుతుంది కాబట్టి మునగడానికి నడుముకి సీసం కట్టుకుంటాం. అన్నీ వేసుకున్నాక ఆఖరున, అన్నిటికీ పైన బెల్టు కట్టాలి. బకిల్ ఎలా ఉండాలంటే, కుడిచేత్తో ఒక్క లాగుకి ఊడి కింద పడిపోవాలి. ఏదైనా తేడా వస్తే ముందు బెల్టు వదిలేయండి, సూటే మిమ్మల్ని పైకి తేలుస్తుంది అన్నాడు. బెల్టు పోతే పోయింది, మీరుంటారు అన్నాడు. ఆడపిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లాగి పడేశారు. నేల మీద సీసం టంగు టంగుమంది.

నా కొడుకు బెల్టు కుట్టింది నేను.

ఫిబ్రవరిలో తెచ్చాడు. మమ్మీ, రాళ్ళకి రాసుకుని ఈ బకిల్ ఊరికే ఊడిపోతోంది, రెండుసార్లు సీసం పోయింది, జట్టులో అందరూ నవ్వుతున్నారు అన్నాడు. నేను ముప్పై ఏళ్ళుగా కుట్టేదాన్ని. స్కూలు యూనిఫాంలు, పెళ్ళి గౌన్లు, పడవల టార్పాలిన్లు. బకిల్ పీకి పారేశాను. కాన్వాసు పట్టీ రెండు పొరలు వేసి, నడుం దగ్గర సరిగ్గా కొలత తీసి, ఉక్కు కొక్కేన్ని లోపలి వైపు తిప్పి, అది జారకుండా మీద ఒక మూత కూడా పెట్టాను. తెరచాప దారంతో మూడు వరసలు కుట్టాను. రెండు చాలు మమ్మీ అన్నాడు. మూడు వేశాను. వేసుకుని గెంతి చూపించాడు. కదల్లేదు. నా సమాధి అయినా తెరుచుకుంటుంది గానీ నా కుట్టు ఊడదురా అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను.

అది తీయాలంటే రెండు చేతులూ కావాలి. మూత తిప్పాలి, కడుపు లోపలికి పీల్చాలి, కొక్కెం వెనక్కి నెట్టాలి. ఇంట్లో అద్దం ముందు పదిసార్లు చేశాడు. అద్దం ముందు.

వేటగాళ్ళెవరూ క్లాసులకి పోరు. అన్న చూపిస్తాడు, తమ్ముడు దిగుతాడు. సీసం పోతే నవ్వుతారు. బెల్టు గట్టిగా ఉన్నవాడు మొనగాడు. వుయానీ మొదట్లోనే చెప్పే సంగతి మా ఫ్లాట్లలో ముప్పై ఏళ్ళుగా ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. తెలియదంటే చాలా?

ఒకటి అర్థమైంది. వాడెందుకు తేలలేదో.

ఇంకొకటి కూడా. వాడు ఎక్కడికీ కొట్టుకుపోలేదు.

మే 7, ఆదివారం

సముద్రంలో మొదటి డైవ్. తీసుకెళ్ళింది బ్లౌక్లిప్‌కే. కొత్తవాళ్ళకి అక్కడ తేలిక. నేను సంతకం పెట్టిన చోటు.

నీళ్ళు పదమూడు డిగ్రీలు. నుదుటి మీద సుత్తితో కొట్టినట్టుంది, తర్వాత నుదురే లేనట్టుంది. వుయానీ అలలు లెక్కపెట్టమన్నాడు. పెద్దవి నాలుగో ఐదో వస్తాయి, తర్వాత కాస్త తెరిపి, అప్పుడు వెనక్కి నడుస్తూ దిగాలి. నేను మూడో పెద్ద అలకే దిగాను. బోర్లా పడి, మోకాలు చీరుకుని, నోట్లో ఇసుకతో లేచాను. ఎక్కడికమ్మా తొందర, బస్సు తప్పిపోతోందా అన్నాడు.

పైన కెల్ప్ అనే సముద్రపు నాచు ఆకులు చాపలా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద కాళ్ళు కొడితే చుట్టుకుంటాయి. పాపాయిలా పాకాలి. తర్వాత గాలి వదిలి, నిట్టనిలువుగా కిందికి. కింద వేరే లోకం. కాడలు నా చెయ్యంత లావు, ముగ్గురు మనుషుల ఎత్తు, అన్నీ ఒకేసారి ఇటు ఒంగి ఒకేసారి అటు ఒంగుతున్నాయి. నమాజ్‌లో వరసలు అలాగే ఒంగుతాయి. వెలుతురు పచ్చగా, బంగారంగా, ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఊదారంగు రాళ్ళు, నారింజ రంగు నక్షత్రాలు. ఇంత అందంగా ఉంటుందని వాడెప్పుడూ చెప్పలేదు. కోపం వచ్చింది. ఇంత చల్లగా ఉంటుందని కూడా చెప్పలేదు.

ఒక కాడ నా సిలిండర్‌కి చుట్టుకుంది. లాగాను. ఇంకోటి పట్టుకుంది. కాళ్ళు కొట్టాను. నాలుగు పట్టుకున్నాయి. అప్పుడు వుయానీ నా మొహం ముందుకి వచ్చి అరచెయ్యి చూపించాడు. ఆగు. ఆగాను. ఊపిరి వదిలాను. కాడని మడిచి, చెరకు విరిచినట్టు విరిచాడు. ఒక్కొక్కటే. అంతే, వదిలేసింది.

ఒడ్డున రూయిబోస్ టీ పోస్తూ, పోట్లాడితే కెల్ప్ గెలుస్తుందమ్మా, ఆగితే మీరు గెలుస్తారు అన్నాడు. ఆక్టోపస్ కనిపించిందా అని అడిగాడు. లేదన్నాను. అంతసేపూ దేనికోసమో వెతుకుతూనే ఉన్నారే అన్నాడు.

వెతికాను. వాడు అక్కడ లేడని తెలిసి కూడా ప్రతి రాతి కిందా వెతికాను.

మే 13

బ్రైమ్‌ని పట్టుకున్నాను. రెండు నెలలుగా నా మెట్లు ఎక్కడం మానేశాడు, వాళ్ళమ్మ గావా మా పై అంతస్తులోనే ఉన్నా సరే. లాండ్రీ తీగల దగ్గర ఎదురుపడ్డాడు. తప్పించుకోబోతే చొక్కా పట్టుకున్నాను.

పెర్డెగాట్‌లో ఎక్కడ అన్నాను. ఆంటీ, వద్దు అన్నాడు. ఎక్కడరా అన్నాను. చెప్పాడు. బల్లపరుపు బండ మీంచి దిగి, రెండు పెద్ద రాళ్ళ సందులోంచి వెళ్తే, అడుగున ఇసుక గుంట, దాని ఎడమ గోడకి లోపలికి తొలిచినట్టు గూడు. చెప్పి, అక్కడే తడి దుప్పటి కింద కూలబడ్డాడు.

మిగతాది వాడంతట వాడే చెప్పాడు. కింద అల తోపుకి తష్రీక్ గూట్లోకి పోయి, రాయికి నెత్తి కొట్టుకుని, మత్తుగా కాళ్ళు ఆడించాడట. బ్రైమ్ దిగి బెల్టు పట్టుకున్నాడు. లాగాను ఆంటీ, గోళ్ళు ఊడేలా లాగాను, రాలేదు, ఊపిరి అయిపోయి పైకి పోయాను, మళ్ళీ దిగితే ఇసుక లేచి ఏం కనపడలేదు, మళ్ళీ దిగాను, మళ్ళీ దిగాను అన్నాడు. కత్తి ఏమైందిరా అంటే, మేం కత్తి తీసుకెళ్ళం ఆంటీ, నత్తలు పెకిలించే గునపం ఒక్కటే అన్నాడు.

ఎవరికీ ఎందుకు చెప్పలేదు అన్నాను.

చెప్తే మీకు తెలిసిపోతుంది కదా అన్నాడు.

కుట్టు నాదని వాడికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఇరవై ఏళ్ళ వెధవ, రెండు నెలలుగా దాన్ని ఒక్కడే మోస్తున్నాడు. నేనేమో వాడు పిరికివాడనుకున్నాను.

మే 14

ఇవాళంతా మిషను ముందు కూర్చున్నాను. ఒక్క కుట్టూ వేయలేదు.

మే 20

డైవింగ్ కార్డు ఇచ్చారు. ఫోటోలో దొంగలా ఉన్నాను. ఆడపిల్లలు కేకు తెచ్చారు.

అందరూ వెళ్ళాక వుయానీకి చెప్పేశాను. అంతా. సంతకం, బెల్టు, గూడు, అంతా. నాతో దిగమన్నాను. నవ్వే మనిషి మొహం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో చూశాను. చాలాసేపు గొట్టాలు చుట్టలు చుట్టాడు. నన్ను వాడుకున్నారమ్మా అన్నాడు. అవును అన్నాను.

పోలీసులకి చెప్పండి, వాళ్ళ డైవర్లు రేపే వెళ్తారు, అది వాళ్ళ పని అన్నాడు. మీరు పట్టుమని పది డైవ్‌లు చేయలేదు, పెర్డెగాట్ లోపల నీళ్ళు పంపులా తోస్తాయి, నేనే ఆలోచించి దిగుతాను అన్నాడు. మీరు దిగితే మీ అబ్బాయి పక్కన మిమ్మల్ని కూడా వెతకాలి అన్నాడు. నేను రాను, సామాను ఇవ్వను అన్నాడు.

ఒక్క మాటా తప్పు లేదు. అదే బాధ.

మే 21

పోలీసులకి చెప్తే బ్రైమ్ పోతాడు. ఇగ్సాన్ పోతాడు, ఆయన సంగతి నాకు అనవసరం. కానీ గావా రోజూ మధ్యాహ్నం నాకు బఠాణీ సూప్ తెచ్చి, నేను తాగేదాకా కూర్చుంటుంది. ఆమెకి ఉన్నది వాడొక్కడే. ఆ జైల్లోకి పోయినవాడు పోయినవాడిలా తిరిగి రాడు. ఒక పిల్లాణ్ణి సముద్రానికి ఇచ్చాను. ఇంకొకణ్ణి జైలుకి ఇవ్వలేను.

ఇది సగం నిజం. మిగతా సగం, పోలీసులు ఆ బెల్టు కోసి బల్ల మీద పెట్టి, ఇది ఎవరు కుట్టారు అని అడుగుతారు.

మే 28

గావాకి చెబుదామని నోరు తెరిచాను. ఉప్పు తగ్గిందా అంది. సరిపోయింది అన్నాను.

జూన్ 2, శుక్రవారం

మంగళవారం పెద్ద అలలు వస్తాయని రేడియోలో చెప్పారు. ఈ చలికాలంలో మొదటివి. ఆరు మీటర్లు. కెల్ప్‌ని వేళ్ళతో సహా పెకిలిస్తాయి, రాళ్ళనే దొర్లిస్తాయి. ఆ తర్వాత గూడు ఉండదు, గూట్లో ఏమీ ఉండదు.

ఆదివారం గాలి ఉండదు.

జూన్ 3

వుయానీ లేని సమయం చూసి డైవింగ్ క్లబ్బుకి వెళ్ళాను. క్లాసులో ఉన్న నూరా అనే పిల్లతో బ్లౌక్లిప్‌లో ప్రాక్టీస్ చేస్తానని చెప్పి సామాను తెచ్చుకున్నాను. అబద్ధాల్లో చెయ్యి తిరిగింది. కుట్లు విప్పే చిన్న కత్తి సానపెట్టాను. వెంట ఎవరూ లేకుండా దిగకూడదన్నది మొదటి రూలు.

భయంగా ఉంది. నాకు చావాలని లేదు. అది కూడా రాసి పెట్టుకోవాలి. రేపు ఎవరైనా ఈ పుస్తకం చదివితే, చావడానికే వెళ్ళిందనుకోకూడదు.

జూన్ 4, ఆదివారం, ఉదయం ఆరు

ఫజర్ నమాజ్ చదివాను. నీళ్ళు గాజులా ఉన్నాయి. వెళ్తున్నాను.

జూన్ 4, సాయంత్రం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

బల్లపరుపు బండ మీద వుయానీ కూర్చుని ఉన్నాడు. వెట్‌సూట్ వేసుకుని. పక్కన బ్రైమ్. ఆ వెధవ నిన్న నేను తెచ్చిన సంచి చూసి, తెల్లవారకముందే పరిగెత్తి ఆయనకి చెప్పేశాడు. వుయానీ కోపంగా ఉన్నాడు, కానీ గొంతు పెంచలేదు. మీరు ఒడ్డున కూర్చోండమ్మా, నేను వెళ్ళి తెస్తాను, ఆ తర్వాత పోలీసులని పిలుస్తాను, నేను చూసింది చూసినట్టు చెప్తాను అన్నాడు. పిలవండి అన్నాను. ఆ కుట్టు మీకు తెలియదు, నాకు తెలుసు అన్నాను. నా దగ్గర బెల్టు కోసే కత్తి ఉంది అన్నాడు. నా కొడుకుని కోయనివ్వను, విప్పుతాను అన్నాను.

నీళ్ళకేసి చూశాడు, నాకేసి చూశాడు. నా బెల్టు తనిఖీ చేశాడు. కుడిచేత్తో, ఒక్క లాగుకి. వచ్చింది. మళ్ళీ కట్టాడు. నా చెయ్యి ఎత్తితే వెంటనే పైకి, వాదన లేదు అన్నాడు. సరే అన్నాను. బ్రైమ్‌ని ఇంటికి పొమ్మన్నాను, పోలీసులు వచ్చేలోపు పో అన్నాను. వాడు బండ మీదే కూర్చున్నాడు. నీళ్ళలో తల పెట్టలేను ఆంటీ, కానీ పోను అన్నాడు.

అలలు లెక్కపెట్టాను. ఈసారి సరిగ్గా లెక్కపెట్టాను.

రెండు రాళ్ళ సందు. నీళ్ళు ముందుకి నెడతాయి, వెనక్కి గుంజుతాయి. నెట్టినప్పుడు పోవాలి, గుంజినప్పుడు రాయి పట్టుకోవాలి. వుయానీ నా జాకెట్ పట్టీ వదల్లేదు. ఇసుక గుంట. ఎడమ గోడ. గూడు ముందు కెల్ప్ కాడలు తలుపులా నిలబడి ఉన్నాయి. లాగలేదు. ఒక్కొక్కటే మడిచి విరిచాను. నాలుగు. ఐదు.

పసుపు ఫిన్ కనిపించింది.

చూసినదంతా రాయను. తొంభై రోజులు. సూటూ, టోపీ, గ్లవ్స్ అన్నీ ఉన్నాయి. సూట్ పట్టి ఉంచినంత ఉంచింది. మొహం గోడవైపు ఉంది. అలాగే ఉండనిచ్చాను. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాను. ఊపిరి ఆగిపోయింది. వుయానీ నా ముందు చెయ్యి ఆడించాడు. ఊపిరి. పీల్చాను. వదిలాను. ఇంత పెద్ద చప్పుడు చేస్తూ ఏడవచ్చని తెలియదు, నోట్లో రబ్బరు ముక్కతో.

గ్లవ్స్ తీసేశాను. వాటితో కుట్టు తెలియదు. కొక్కెం తుప్పు పట్టి మూతతో కలిసి బిగుసుకుపోయింది. మొదటి వరస తేలిగ్గానే తెగింది. రెండో వరస సగంలో వేళ్ళు చచ్చిపోయాయి. కత్తి ఉందో లేదో కళ్ళతో చూస్తే గానీ తెలియలేదు. ఎంత దగ్గర దగ్గరగా కుట్టాను. అంగుళానికి పన్నెండు. ఎవరడిగారు నన్ను అంత బాగా కుట్టమని. మూడో వరస దగ్గర వుయానీ చెయ్యి ఎత్తాడు. నా గాలి గేజీ ముల్లు ఎర్రగీత దగ్గరుంది. నేను ఒక వేలు చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చూపించాను. ఎన్ని క్షణాలో తెలియదు. తన దగ్గరున్న రెండో రెగ్యులేటర్ తీసి నా నోటికిచ్చాడు. ఆయన గాలి పీలుస్తూ ఆఖరి కుట్లు విప్పాను.

పట్టీ విడిపోయింది. సీసం ఇసుకలో పడింది.

వాడు లేచాడు.

నేను ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. సూట్ రబ్బరు తేలుతుంది కదా. గూట్లోంచి మెల్లగా బయటికి వచ్చి, నా చేతుల మీదుగా, కాడల మధ్య నుంచి పైకి, వెలుతురు వైపు పోయాడు. అందుకోబోతే వుయానీ నన్ను పట్టి ఆపాడు. మెల్లగా, మేం మెల్లగా రావాలి. తల పైకెత్తి చూస్తూనే ఉన్నాను. మార్చి ఆరున జరగాల్సింది అదే. అలాగే జరిగి ఉండేది.

మేం పైకి తేలేసరికి బ్రైమ్ నీళ్ళలో ఉన్నాడు. మెడలోతు, బట్టలతో. తల పెట్టలేనన్నవాడు వాణ్ణి రెండు చేతుల మీద పట్టుకుని, అలలు తగలకుండా వీపు తిప్పి నిలబడ్డాడు. మమ్మల్ని చూసి, బరువు లేడు ఆంటీ అన్నాడు.

జూన్ 6, మంగళవారం

ఆదివారం ఒడ్డుకి వచ్చిన పోలీసులకి నేనే చెప్పాలనుకున్నాను. పెర్డెగాట్ పేరు నాకొక్కదానికే తెలుసు, దాచింది నేనే అని. వాక్యం కూడా తయారు చేసుకున్నాను. నాకంటే ముందు బ్రైమ్ చెప్పేశాడు. పేరు పెట్టి, గట్టిగా, జట్టులో ఇద్దరు బండ మీంచి వింటుండగా. తన పేరు, మా అన్న పేరు, అన్నీ. నా సంతకం సంగతి నేను చెప్పాను. అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నేను పైకి తెచ్చిన బెల్టు పట్టీని సంచిలో వేసుకుని, ఇది ఎవరు కుట్టారు అని అడిగాడు. నేను అన్నాను.

బ్రైమ్ లోపలున్నాడు. ఇగ్సాన్ కూడా. గావా ఇవాళ సూప్ తేలేదు. తేవాలని నేనెలా అనుకుంటాను.

పొద్దుటి నుంచీ సముద్రం మోత వినిపిస్తోంది.

జూన్ 9, శుక్రవారం

మార్చురీ నుంచి వాణ్ణి ఇచ్చారు. అసర్ నమాజ్ తర్వాత జనాజా.

మగవాళ్ళే స్నానం చేయిస్తారు, నన్ను లోపలికి రానివ్వరు. ఇమామ్ మంచివాడు. రుద్దొద్దు, నీళ్ళు పోస్తే చాలు అన్నాడట. చన్నీళ్ళు పట్టబోతుంటే బకెట్ లాక్కున్నాను. పొయ్యి వెలిగించి కాచాను. తలుపు దగ్గరికి తెచ్చి, లోపలికి అందించే ముందు మోచెయ్యి ముంచి చూశాను.

సరిపోయింది.